మట్టాల మేడమ్ ఎడమ కన్ను

కళ్ళద్దాల దుకాణం పెట్టి ఇరవై ఆరేళ్ళు కావడంతో వీధిలో ఆయన అసలు పేరు ఎవరికీ గుర్తులేదు. అద్దాలాయన అంటారు. ఆ పిలుపులో కాస్త భయం కూడా ఉంది. ఫ్రేము స్క్రూ బిగించుకుందామని ఆయన దగ్గరికి వెళ్ళినవాడు అరగంటకి గానీ బయటపడడు. "కళ్ళు చూపించుకుని ఎన్నాళ్ళయింది?" అని మొదలుపెడతాడు. నలభై దాటిందని తెలిస్తే ఇక వదలడు. కుర్చీలో కూర్చోబెట్టి, కంట్లోకి లైటు కొట్టి, ఇంట్లో ఎవరికైనా నీటికాసులు ఉన్నాయా, షుగరుందా, దీపం చుట్టూ రంగులు కనపడుతున్నాయా అని ప్రాణం తీస్తాడు. ఏమాత్రం అనుమానం వచ్చినా కంటి డాక్టరుగారికి చీటీ రాసిస్తాడు. వెళ్ళారో లేదో వారం తిరక్కుండా ఫోన్ చేసి మరీ కనుక్కుంటాడు. అద్దాలు అమ్మమంటే మనుషుల్ని భయపెట్టి పంపేస్తాడని తోటి దుకాణాల వాళ్ళు వెనకాల నవ్వుకుంటారు గానీ, కళ్ళ విషయంలో ఆయన మాటకి వీధి మొత్తం తలవంచుతుంది.

అలాంటి మనిషి తన భార్య కళ్ళని మాత్రం ఒక్కసారి కూడా సరిగ్గా పరీక్ష చెయ్యలేదంటే నమ్మడం కష్టం. చెయ్యకూడదని కాదు. మధ్యాహ్నం ఆవిడ ఆఫీసు నుంచి నడిచి వచ్చేది. దుకాణం వెనక గదిలో, అద్దాలు అరగదీసే మిషను పక్కన, ఇద్దరూ భోజనం చేసేవాళ్ళు. రెండేళ్ళకో మూడేళ్ళకో "ఏమండీ, పేపరు మసగ్గా ఉంటోంది" అనేది. ఆయన తింటున్న చెయ్యి కడుక్కొచ్చి, పరీక్ష ఫ్రేము ఆవిడ ముక్కు మీద పెట్టి, గోడ మీది అక్షరాల పట్టిక చూపించేవాడు. ఆవిడ అట్టే చూడకుండానే కింది వరసదాకా గడగడా అప్పజెప్పేది. దాని మీద దుమ్ము దులిపేది ఆవిడే మరి, నోటికి రాకేం చేస్తుంది. ఇద్దరూ నవ్వుకునేవాళ్ళు. ఆయన అటూ ఇటూగా పవరు కాస్త పెంచి కొత్త అద్దాలు చేసిచ్చేవాడు. ఇంట్లో మనిషే కదా, మిగతావి ఎప్పుడైనా తీరిగ్గా చూద్దాంలే అనుకునేవాడు. అలా అనుకుంటూనే పదిహేనేళ్ళు గడిచిపోయాయి.

ఆవిడ పని చేసేది నదిలో నీటిమట్టాలు నమోదు చేసే ఆఫీసులో. నది పొడుగునా ఏడు చోట్ల గట్టుపక్కన కొలతస్తంభాలు పాతి ఉంటాయి. ఒక్కో స్తంభానికి ఒక్కో కాపలామనిషి. పొద్దున్న ఏడుకల్లా ఆవిడ ఏడుగురికీ ఫోన్ చేసి, ఎంతుందో అడిగి, పుస్తకంలో ఎక్కించాలి. ఎక్కడైనా నీళ్ళు ఎర్రగీత దాటాయంటే, చేతిలో ఫోన్ కింద పెట్టకుండా పై అధికారికి చెప్పాలి. ఇరవై రెండేళ్ళుగా అదే పని. కాపలావాళ్ళు ఆవిణ్ణి మట్టాల మేడమ్ అంటారు. ఎవరి గొంతు బొంగురో, ఎవరి వెనక కోడి కూస్తుందో, ఎవరు నిద్రలోంచి లేచి నిన్నటి అంకే చెప్పేస్తారో ఆవిడకి తెలుసు. ఆ ఏడు చోట్లలో ఒక్కటీ చూడలేదు. ఆఫీసు కిటికీలోంచి కనపడేది నది కాదు, స్కూటర్లు నిలబెట్టే షెడ్డు.

"ఒక్కసారి ఏడింటినీ కళ్ళారా చూడాలండీ," అని ఎనిమిదేళ్ళ కిందట మొదలుపెట్టింది. కరకట్ట మీద మోటారుబళ్ళని రానివ్వరు గనక సైకిళ్ళ మీద వెళ్దామంది. రోజుకి ఇరవై ముప్పై కిలోమీటర్లు, ఎక్కడ పొద్దుగూకితే అక్కడ పడక. అద్దాలాయన సరే అన్నాడు. అన్నాడు గానీ, ఒక ఏడాది దుకాణంలో గచ్చు మార్పిస్తున్నానన్నాడు, ఒక ఏడాది నడుం పట్టేసిందన్నాడు, ఇంకో ఏడాది ఏ కారణమూ చెప్పకుండానే దాటవేశాడు. ఆవిడ గొడవ పడే మనిషి కాదు. సెలవులు దాచుకుంటూ కూర్చుంది. చివరికి ఈ ఏడాది ఆయనకే సిగ్గేసి, రెండు సైకిళ్ళు కొనుక్కొచ్చి గుమ్మంలో పెట్టాడు. కూతురు హెల్మెట్లు తెచ్చిచ్చింది. ఆయన చెల్లెలు వచ్చి రెండు సైకిళ్ళనీ ఎగాదిగా చూసి, "వదినా, దారిలో పిక్కలు పట్టేస్తే మోసుకురావడానికి నేను మాత్రం రాను. ఇప్పుడే చెప్పేస్తున్నా," అంది.

ప్రయాణం ఇంకా తొమ్మిది రోజులుందనగా దుకాణంలోకి కొత్త మిషను వచ్చింది. కంట్లోకి ఫట్మని గాలి ఊది, లోపలి నీటి ఒత్తిడి ఎంతుందో అంకె చూపిస్తుంది. పాతదానికన్నా తేలిక. ఆయనకి కొత్త బొమ్మ దొరికినట్టయింది. ముందు తన కళ్ళు చూసుకున్నాడు. తర్వాత టీ తెచ్చినాయన్ని కూర్చోబెట్టాడు. మధ్యాహ్నం భార్య రాగానే, "రా, రా, నువ్వూ కూర్చో," అన్నాడు.

కుడికన్ను ఇరవై. ఎడమకన్ను ముప్పయ్యారు. మిషను కొత్తది కదా అని మళ్ళీ ఊదాడు. ముప్పయ్యైదు. మళ్ళీ ఊదాడు. ముప్పయ్యారు. ఇరవై ఒకటి దాటితే ఎవరినైనా సరే ఆ పూటే డాక్టరు దగ్గరికి తరిమే మనిషి ఆయన.

"ఎంతొచ్చింది?" అంది ఆవిడ. అంకె అడగడం ఆవిడకి అలవాటు.

"బానే ఉంది," అన్నాడు.

లైటు వేసి లోపలికి చూశాడు. చూపు నరం అంచులు తినేసినట్టు, పాలిపోయి ఉంది. ఇది నిన్నా మొన్నా వచ్చింది కాదు, ఏళ్ళ తరబడి చప్పుడు చెయ్యకుండా తినుకుంటూ వచ్చింది. నడిమి చూపు చివరిదాకా బాగానే ఉంటుంది గనక అక్షరాల పట్టికకి అందదు. పోయేది పక్కచూపు. రెండో కన్ను సర్దుకుపోతూ ఉంటుంది గనక ఆ మనిషికే తెలియదు. ఇదంతా ఆయన వందలమందికి చెప్పాడు. ఏడాదిగా ఆవిడ ఎడమ భుజం గుమ్మాలకి కొట్టుకోవడం, ఎడంపక్కన పెట్టిన గ్లాసులు దొర్లించడం ఒక్కొక్కటే గుర్తొచ్చాయి. తొందరమనిషివి అని తనే ఎన్నిసార్లు ఎగతాళి చేశాడో అదీ గుర్తొచ్చింది. ఆవిడ గిన్నెలు సర్దుకుని, సైకిలు సంచీలో పంపు పెట్టారా అని అడిగి, ఆఫీసుకి వెళ్ళిపోయింది.

కంటి డాక్టరుగారికి ఫోన్ చేశాడు. "ఎవరికి?" అని అడిగారు డాక్టరుగారు. "తెలిసినావిడ," అన్నాడు అద్దాలాయన. రేపే పంపమన్నారు. ఊళ్ళో ఉండరు, మూడు వారాలు పడుతుందన్నాడు. డాక్టరుగారు విసుక్కుని, "కనీసం చుక్కలైనా వెయ్యమనండి, రాగానే తీసుకురండి," అని మందు పేరు చెప్పారు.

ఎందుకు చెప్పలేదని అడిగితే ఆయన దగ్గర కారణాలు బోలెడున్నాయి. ఎనిమిదేళ్ళుగా ఎదురుచూసిన ప్రయాణం. పోయిన చూపు ఎలాగూ తిరిగి రాదు, ఉన్నది చుక్కలు కాపాడతాయి. మూడు వారాల్లో కొంప మునగదు. అన్నీ నిజాలే. ఆ నిజాలన్నీ ముందు పేర్చుకుని వాటి వెనక నక్కాడు మహానుభావుడు. చెబితే ఆవిడ అడగబోయే మొదటి మాట ఆయనకి తెలుసు. ఇన్నాళ్ళూ మీరేం చూశారు అని అడుగుతుంది. అందుకే చెప్పలేదు.

అనుకున్న రోజుకే బయల్దేరారు. నది దిగువకి వెళ్ళే దారి కనక నీళ్ళు కుడిపక్క, పొలాలూ ఊళ్ళూ ఎడంపక్క. సందుల్లోంచి, తోటల్లోంచి ఏది వచ్చినా ఎడమవైపు నుంచే వస్తుంది. అద్దాలాయన మొదటి గంటలోనే ఆవిడకి ఎడంపక్క చేరి, చక్రానికి చక్రం ఆనించినట్టు తొక్కడం మొదలుపెట్టాడు. మేక అడ్డొస్తే తనే ముందు అదిలించేవాడు, మలుపు దగ్గర తనే గంట కొట్టేవాడు. పొద్దున్నే టీ తాగాక ఆవిణ్ణి తల వెనక్కి వాల్చమని ఎడమకంట్లో ఒక చుక్క వేసేవాడు. రోడ్డు దుమ్ముకి మంచిదన్నాడు. కుడికంట్లో కూడా వెయ్యమంది ఆవిడ. ఆ కంటికి దుమ్ము తక్కువ, నది పక్కన ఉంది కదా అన్నాడు. ఎంత తేలిగ్గా నోటికొచ్చిందో ఆ అబద్ధం, ఆయనకే ఆశ్చర్యమేసింది.

ఆవిడ సంతోషం చూస్తే మాత్రం ఎవరికైనా ముచ్చటేస్తుంది. రెండో స్తంభం దగ్గర, ఇరవై రెండేళ్ళుగా ఫోన్లో పిడుగులా ఉరిమే కాపలామనిషి తీరా చూస్తే ఆవిడ భుజంకన్నా పొట్టి. "మీరేనా?" అని ఆవిడా, "మీరేనా?" అని ఆయనా ఒకళ్ళనొకళ్ళు చూసుకుని నవ్వారు. మూడో స్తంభం దగ్గర కోడి కూడా కనపడింది. ప్రతి చోటా ఆవిడ మెట్లు దిగి, నలుపూ తెలుపూ గీతలున్న స్తంభాన్ని చేత్తో తడిమి, నీళ్ళు ఆనిన గీత తనే చదివి, చిన్న నోటుపుస్తకంలో రాసుకునేది. ఆవిడ మెట్లు దిగుతున్నంతసేపూ ఆయన ఎడంపక్క చెయ్యి చాచి నిలబడేవాడు.

మూడో రోజు సాయంత్రం, బస చేసిన ఇంటి వరండాలో కూర్చుని ఆవిడ ఆడపడుచుకి ఫోన్ చేసింది. "మీ అన్నయ్య పెళ్ళైన కొత్తల్లో కూడా నాకు పదడుగులు ముందే నడిచేవారు, గుర్తుందా? ఇప్పుడు చూడు, నా పక్కనుంచి కదలడం లేదు. దగ్గరుండి కంట్లో మందు కూడా ఆయనే వేస్తున్నారు. కంటికి రెప్పలా అంటారే, అచ్చం అలా చూసుకుంటున్నారనుకో." గొంతులో గర్వం తొణికింది. లోపల పక్క దులుపుతున్న అద్దాలాయన తేలు కుట్టిన దొంగలా నిలబడిపోయాడు. దుప్పటి అంచు పట్టుకునే ఉన్నాడు, దులపడం మర్చిపోయాడు. ఇప్పుడే వెళ్ళి చెప్పెయ్యాలనుకున్నాడు. వరండాలోకి వచ్చాడు. ఆవిడ తలెత్తి నవ్వింది. "రేపు చెయిన్‌కి కాస్త నూనె రాయాలి," అన్నాడు.

నూనె రాశాడు కూడా. అయినా ఆరో రోజు ఆ చెయినే ఊడింది. "నువ్వు మెల్లగా వెళ్తూండు, వచ్చేస్తా," అనేశాడు, అలవాటుకొద్దీ. ఆవిడ యాభై గజాలు వెళ్ళాక గానీ ఆవిడకి ఎడంపక్క ఎవరూ లేరని ఆయనకి తట్టలేదు. తలెత్తి చూసేసరికి, ఎడంపక్క సందులోంచి ఒక పెద్దమనిషి తోపుడుబండి తోసుకుంటూ కట్ట మీదకి ఎక్కుతున్నాడు. బండి నిండా బాగుచేసిన కుర్చీలు. ఆవిడ నేరుగా, వేగం ఏమాత్రం తగ్గించకుండా, ఆ బండినే వెళ్ళి గుద్దేసింది.

ఆయన పరిగెత్తుకుంటూ వచ్చేటప్పటికి కుర్చీలు దారంతా దొర్లి ఉన్నాయి. ఆవిడకి మోచెయ్యి గీరుకుంది, అంతే. కుర్చీలాయనకి మోకాలు చితికి రక్తం కారుతోంది. "ఇంత బండి కళ్ళకి కనపడలేదామ్మా?" అంటున్నాడాయన, కోపం కన్నా ఆశ్చర్యంతో. ఆవిడ రోడ్డు మీదే కూర్చుని, సీసాలో నీళ్ళతో ఆయన మోకాలు కడుగుతూ, "నాదే తప్పండీ. కళ్ళున్నాయి గానీ ధ్యాసే లేదు నాకు," అంది. కట్టు కట్టింది. కుర్చీలన్నీ తనే ఏరి బండిలో పెట్టింది. కాదు, ఆవిడ తప్పు కాదు, నాది అని ఒక్క మాట అంటే సరిపోయేది. అద్దాలాయన కింద పడ్డ కుర్చీల్లో కాలు విరిగినదాన్ని చేతిలో పట్టుకుని నిలబడ్డాడు.

ఆ సాయంత్రమంతా ఆవిడ అదే మాట. పాపం ఆయన మోకాలు. రేపు పనికెలా వెళ్తాడో. చివరికి తల దించుకుని, "ఏమండీ, రేపట్నుంచి నేను సైకిలు నడిపించుకుంటూ వస్తాను. ఈ మధ్య నాకు ఒళ్ళు తెలియడం లేదు. ఇంట్లో గ్లాసులు పగలగొడితే పోనీ అనుకోవచ్చు, ఇవాళ ఒక మనిషిని పడగొట్టాను," అంది. తన తప్పంతా తీసుకెళ్ళి ఆవిడ నెత్తిన పెట్టినట్టు ఆయనకి అప్పుడు అర్థమైంది. తనంటే తనకే అసహ్యమేసింది.

మర్నాడు పొద్దున్న ఆరో స్తంభం దగ్గరికి సైకిళ్ళు నడిపించుకుంటూనే చేరారు. కాపలామనిషి లేడు, గదికి తాళం వేసుంది. ఆవిడ మెట్లు దిగి, గీత చదివి, అంకె రాసుకుంది. వచ్చి మెట్టు మీద కూర్చుని, చుక్క మందు కోసం తల వెనక్కి వాల్చింది. అద్దాలాయన సీసా మూత తీశాడు. మళ్ళీ పెట్టేశాడు.

"నిన్న నీ తప్పేం లేదు," అన్నాడు.

"మీరు సర్దిచెప్పకండి. నేను చూసుకోలేదు."

"చూసుకోకపోవడం కాదు. నీకు కనపడలేదు. నీ ఎడమకంటికి ఆ పక్క చూపు లేదు. కంట్లో నీటి ఒత్తిడి పెరిగింది. నీటికాసులు."

ఆవిడ తల నిటారుగా పెట్టుకుని ఆయన వైపు చూసింది.

"ఆ రోజు మీ మిషన్లో ఎంతొచ్చింది?"

"ముప్పయ్యారు."

"ఎంత దాటకూడదు?"

"ఇరవై ఒకటి."

"పదిహేను రోజులైంది," అంది ఆవిడ, లెక్క చూసుకుని. "ఎర్రగీత దాటిందని తెలిసి పదిహేను నిమిషాలు నా దగ్గరుంచుకుంటే, మా ఆఫీసులో నన్ను ఇంటికి పంపేస్తారు."

ఆవిడ గొంతు పెంచలేదు. పెంచితే బాగుండుననుకున్నాడాయన.

"మరి అంతకు ముందు ఎంతుండేది?"

భయపడ్డ ప్రశ్న వచ్చేసింది. ఆయన నీళ్ళకేసి చూస్తూ చెప్పాడు. "తెలీదు. ఎప్పుడూ చూడలేదు. ఇంట్లో మనిషివే కదా అనుకున్నాను."

"అందరికీ చూస్తారుగా."

"అందరికీ చూస్తాను."

ఆవిడ చేతిలో నోటుపుస్తకం మూసి సంచీలో పెట్టింది. సంచీ జిప్పు వేసింది. అది సరిగ్గా పడకపోతే మళ్ళీ తీసి వేసింది.

"అయితే ఈ మందు దుమ్ముకి కాదు."

"కాదు."

"నా పక్కనే తొక్కారు ఇన్ని రోజులూ. అదీ ఇందుకేనా?"

ఇక్కడ ఒక చిన్న అబద్ధం ఆడి ఉంటే దేవుడు కూడా క్షమించేవాడు. ఆయనకీ ఆ అబద్ధం నాలుక చివరిదాకా వచ్చింది. కానీ దుమ్ము సంగతి చెప్పినప్పుడు ఎంత తేలిగ్గా నోటికొచ్చిందో గుర్తుంది. "ఇందుకే," అన్నాడు.

అప్పటిదాకా గట్టిగా ఉన్న ఆవిడ మొహం ఆ మాటకి వాడిపోయింది. ముప్పయ్యారుకి చెదరలేదు, ఎప్పుడూ చూడలేదన్నా చెదరలేదు, దీనికి చెదిరింది. "మీ చెల్లెలికి గొప్పగా చెప్పుకున్నాను," అంది. కొంగుతో కళ్ళు ఒత్తుకుంది. ఆయన దగ్గరికి జరగబోతే, చెయ్యి అడ్డం పెట్టింది.

ఆయన లేచి, ఇక్కడికి దగ్గర్లో బస్సు దొరుకుతుందనీ, సాయంత్రానికల్లా డాక్టరు దగ్గరుండచ్చనీ, ఇవాళే వెళ్దామనీ చెప్పుకుపోయాడు. తప్పు నాదే, నువ్వేమన్నా పడతాను అన్నాడు. ఆవిడ వినలేదు, లేక విని పట్టించుకోలేదు.

"వెళ్దాం," అంది చివరికి. "ముందు నాకు పరీక్ష చెయ్యండి."

"ఇక్కడ నా దగ్గర ఏమీ లేవు."

"ఏమీ లేకపోయినా చేసేది ఒకటుందిగా. ముసలివాళ్ళకి చేస్తుంటారు, వేళ్ళతో. భోజనం చేస్తూ వెనక గదిలోంచి ఎన్నిసార్లు చూశాను. వాళ్ళకి ఎలా చేస్తారో నాకూ అలాగే చెయ్యండి. ఏదీ వదలకుండా."

ఆయన ఆవిడకి ఎదురుగా, మోకాలికి మోకాలు ఆనేలా కూర్చున్నాడు. ఆవిడ అద్దాలు తను చేసినవే, తీసి పక్కన పెట్టాడు. దుకాణంలో అందరికీ చెప్పే మాటలే చెప్పాడు. "కుడికన్ను అరచేత్తో మూసుకో. ఎడమకంటితో నా ముక్కునే చూడు. పక్కకి చూడకూడదు. వేళ్ళు కదులుతున్నట్టు కనపడగానే చెప్పు."

ఆవిడ కన్ను మూసుకుంది. మొదటిసారి వచ్చిన మనిషిలా వీపు నిటారుగా పెట్టి, బుద్ధిగా ఆయన ముక్కు వంక చూసింది. అద్దాలాయన కుడిచెయ్యి బారుగా చాచి, వేళ్ళు ఆడిస్తూ, ఆవిడ ఎడంపక్క నుంచి మెల్లగా లోపలికి తీసుకురావడం మొదలుపెట్టాడు. చెవి ఎదురుకి వచ్చింది. ఆవిడ ఏమీ అనలేదు. కణత దాటింది. ఏమీ అనలేదు. కంటి చివరకి వచ్చింది. ఆయన వేళ్ళు ఇంకా గట్టిగా ఆడించాడు. ఆ వేళ్ళకీ ఆవిడ చూస్తున్న ముక్కుకీ మధ్య ఇక జానెడు దూరం మిగిలింది.

ఆవిడ రెప్ప వెయ్యకుండా, ఓపిగ్గా, ఆయన ముక్కునే చూస్తోంది.

"తొందరేం లేదు," అంది. "మీరు మొదలుపెట్టేటప్పుడు చెప్పండి."